మనిషి బొమ్మని సెమీ అబ్‌స్ట్రాక్ట్‌గా వేయాలంటే ముందు అనాటమీ అంతా నేర్చుకోవాలా?

కావలి నుంచి ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. నాలుగేళ్ళుగా ఫోటోలు చూసి పెన్సిల్ పోర్ట్రెయిట్లు వేస్తున్నాడు, పోలిక బాగానే కుదురుతుందంట. ఇప్పుడు మనిషి ఒళ్ళుని సెమీ అబ్‌స్ట్రాక్ట్‌గా, అంటే మనిషేనని తెలుస్తూనే ఆకారాన్ని కావాలని మార్చి వేద్దామని మొదలుపెడితే, చూసినవాళ్ళు "కావాలని మార్చినట్టు లేదు, చేతకాక తప్పు గీసినట్టుంది" అంటున్నారంట. అనాటమీ, అంటే ఒంట్లో ఎముకలూ కండరాలూ ఎట్టా అమరి ఉంటాయో, మొత్తం వచ్చాకే ఇందులోకి దిగాలా, ఏది ఉంచాలి ఏది వదిలేయాలి అనేది ఎట్టా తెలుస్తుంది, ఆయిల్ మంచిదా ఆక్రిలిక్ మంచిదా అని అడిగాడు.

తమ్ముడూ, వయసు 23 అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోవద్దు. మాది కందుకూరు పక్కన పల్లె. మద్రాసులో పెయింటింగ్ చదువుకుని వచ్చి, ఒంగోల్లో ఇరవై ఆరేళ్ళు హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పా. ఇంట్లో నేను వేసుకునేది మాత్రం మొదట్నుంచీ మనిషి ఒళ్ళే, అదీ నువ్వడిగిన పద్ధతిలోనే.

ముందు సూటిగా చెప్తా. కండరాల పేర్లన్నీ నీకు అక్కర్లేదు, కానీ ఒంటి బరువు ఎక్కడ పడుతుందో మాత్రం తెలిసి తీరాలి. ముక్కు తీసేయి, వేళ్ళు తీసేయి, చర్మం రంగు తీసేసి నీలం పూయి, ఎవరూ తప్పు అనరు. బరువు తప్పితే మాత్రం బొమ్మల గురించి ఏమీ తెలియని మనిషికి కూడా ఏదో తేడాగా ఉందని అనిపిస్తుంది, ఏంది అని అడిగితే చెప్పలేరు, "చెయ్యి బాలేదు" అనో "మొహం బాలేదు" అనో అంటారు. నీ ఫ్రెండ్స్ అన్నది కూడా అదే అయ్యుంటుందని నా అనుమానం.

ఎందుకో చెప్తా. ఫోటో చూసి గీసేటప్పుడు బరువు సంగతి ఫోటోనే చూసుకుంటుంది, నువ్వు గీతని గీతగా ఎక్కిస్తే చాలు, నిలబడిన మనిషి నిలబడే ఉంటాడు. ఆ ఆధారం వదిలేసి సొంతంగా మార్చడం మొదలుపెట్టగానే అది నీ నెత్తిన పడుతుంది. నాలుగేళ్ళు పోలిక మీద కూర్చున్నావు కాబట్టి నీ కన్ను అంచుల మీదే ఉంటుంది, లోపల మనిషి ఎట్టా నిలబడ్డాడన్నది చూసే అలవాటు ఇంకా పడలేదు, అంతే. అది పోర్ట్రెయిట్లు వేసే ప్రతివాళ్ళకీ ఉంటుంది, నాకూ ఉండేది.

కాలేజీలో రెండో ఏడు నేను ఒక నాట్యం చేసే అమ్మాయి బొమ్మ వేశా, క్యూబిజం గురించి, అదే ఆకారాన్ని కోణాల ముక్కలుగా విడగొట్టి వేసే పద్ధతి గురించి, అప్పుడే చదివిన ఊపులో ఒళ్ళంతా త్రిభుజాలుగా కోసేశా, ముక్క ముక్కకీ ఒక రంగు. పదిహేను రోజులు పట్టింది. మా మాస్టారు వచ్చి చాలాసేపు చూసి ఒకే మాట అడిగారు, "ఈ పిల్ల ఏ కాలి మీద నిలబడిందమ్మా?" నేను బొమ్మలో వెతుక్కున్నా. రెండు కాళ్ళ మీదా లేదు. గాల్లో వేలాడుతోంది. అద్దం పగలగొట్టి ముక్కలు పేర్చినట్టుందే తప్ప లోపల మనిషి లేదు. ఇప్పటికీ ఏ బొమ్మ మొదలుపెట్టినా ఆ ప్రశ్న ముందు వేసుకుంటా.

కాబట్టి అనాటమీలో నీకు కావాల్సింది ఇంత: తల ఒక ముద్ద, పక్కటెముకల గూడు బోర్లించిన గంప, తుంటి ఒక చట్టి. ఈ మూడూ గట్టివి, వంగవు. వంగేవి మధ్యలో ఉండే మెడా నడుమూ. మనిషి ఒక కాలి మీద బరువు వేసి నిలబడితే ఆ కాలి వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. మెడ గుంట నుంచి మేస్త్రీలు గోడకి తూకం గుండు వేలాడేసినట్టు ఒక దారం వదిలావనుకో, అది బరువు మోసే పాదం దగ్గరికి వస్తుంది. మన గుళ్ళల్లో త్రిభంగంలో నిలబడిన శిల్పాలన్నిట్లో ఉండే కిటుకు ఇదే, మెడ దగ్గర ఒక వంపు, నడుం దగ్గర ఒకటి, మోకాలి దగ్గర ఒకటి, అయినా విగ్రహం పడిపోతున్నట్టు ఉండదు. నేర్చుకోవడానికి నెల చాలు. అది చేతిలోకి దిగడానికి మాత్రం ఏడాది పడుతుంది.

చిన్నప్పుడు తోలుబొమ్మలాట చూసుంటే గుర్తు చేసుకో. బొమ్మ పల్చగా, ఒంటినిండా చిల్లులు, మొహం పక్కకి, ఏ లెక్కన చూసినా అది నిజం మనిషిలా ఉండదు. కానీ మధ్యలో నిలువునా ఒక పుల్ల ఉంటుంది, భుజం కాడా మోచేతి కాడా విడివిడి ముక్కలు దారంతో కట్టి ఉంటాయి. ఆ నిలువు పుల్లే బరువు గీత. కట్టిన చోట్లే కీళ్ళు. ఆ రెండూ సరిగ్గా ఉన్నాయి కాబట్టే తెర మీద అది ఏడ్చినా నమ్ముతాం, కొట్టుకున్నా నమ్ముతాం.

మతీస్ అనే ఫ్రెంచి పెయింటర్ 1952లో, 82 ఏళ్ళ వయసులో, నీలం రంగు పూసిన కాగితాన్ని కత్తెరతో కోసి కూర్చున్న ఆడమనిషి బొమ్మలు నాలుగు అతికించాడు. నెట్‌లో బ్లూ న్యూడ్స్ అని కొడితే వస్తాయి. అందులో ముక్కకీ ముక్కకీ మధ్య తెల్ల సందులున్నాయి చూడు, తొడ ఒంటిని కలిసే చోట, చెయ్యి భుజాన్ని కలిసే చోట. సరిగ్గా మన తోలుబొమ్మకి దారం కట్టే చోట్లే. మొహంలో కళ్ళూ ముక్కూ ఏమీ లేవు, నీడ లేదు, ఒక్కటే రంగు, అయినా కాలు మడిచి కూర్చున్న బరువు తెలుస్తుంది. నేను పిల్లల చేత పాత పెళ్ళికార్డులు కోయించి ఇదే చేయించేదాన్ని. నువ్వూ చెయ్యి, కత్తెర చేతిలో ఉంటే కళ్ళూ కనుబొమ్మలూ గీయాలన్న యావ దానంతటదే పోతుంది.

ఇంక ఏది ఉంచాలి, ఏది వదలాలి. అసలు సంగతి ఇక్కడుంది, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా.

పికాసో 1945 డిసెంబరు నుంచి 1946 జనవరి దాకా ఒక ఎద్దు బొమ్మని లితోగ్రాఫ్‌లో, అంటే రాతి మీద గీసి అచ్చు తీసే పద్ధతిలో, 11 దశలుగా వేశాడు. మొదటిది మామూలు ఎద్దు. రెండోదాంట్లో తగ్గించలేదు, ఇంకా బరువుగా, దిట్టంగా చేశాడు, ఇది గమనించు. ఆ తర్వాత ఒంటిని భాగాలుగా విడగొట్టి, ఒక్కొక్కటీ తీసేస్తూ తీసేస్తూ చివరికి కొద్దిపాటి గీతల దగ్గర ఆగాడు. మా ఒంగోలు పిల్లలకి నేనిది చూపించి ఒంగోలు గిత్తని అట్టా తగ్గించమనేదాన్ని. కొమ్ములు పొట్టి చేసినా, కాళ్ళు పుల్లల్లా పెట్టినా అది గిత్తే. మూపురం తీసేస్తే మాత్రం అది ఏ ఊరి ఎద్దో అయిపోతుంది. గంగడోలు తీసినా కొంచెం అంతే. అంటే తీసేయడం అనేది అన్నిటినీ సమానంగా తగ్గించడం కాదు, ఒకదాన్ని కాపాడుకోవడానికి మిగతావి వదులుకోవడం. మనిషి బొమ్మలో ఆ మూపురం ఎక్కడుందనేది ప్రతి భంగిమకీ కొత్తగా వెతుక్కోవాల్సిందే.

నా సొంత సంగతి ఒకటి చెప్తా. మా అమ్మ పొగాకు పనికి పోయేది. పచ్చాకు కొట్టుకొచ్చాక బ్యారన్‌లోకి, అదే ఆకుని వేడి మీద ఆరబెట్టే కొట్టంలోకి, ఎక్కించే ముందు పందిరి కింద కూర్చుని కర్రలకి ఆకు అల్లుతారు, కర్రకి అటూ ఇటూ గుత్తులు గుత్తులుగా. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా అదే. ఆకు జిగురుకి వేళ్ళు నల్లగా అయిపోయేవి, చింతపండుతో రుద్దినా పోయేది కాదు, ఆ చేత్తో అన్నం కలిపితే చేదు. అమ్మ పోయిన రెండేళ్ళకి ఆ బొమ్మ వేద్దామని కూర్చున్నా. మొదటిదాంట్లో అమ్మ మొహం, చీర మీద పూలు, ఆకు ఈనెలు, పందిరి కర్రలు, అన్నీ పెట్టా. చూసినవాళ్ళు అచ్చం మీ అమ్మే అన్నారు. నాకు మాత్రం ఫోటోకి దండేసినట్టుంది.

రెండోదాంట్లో మొహం పక్కకి తిప్పా. మూడోదాంట్లో మొహమే తీసేశా, చేతులు పెద్దవి చేశా, నల్లగా. కానీ అప్పుడు కన్ను మొత్తం చేతుల మీదికే పోయింది, మిగతా ఒళ్ళు పక్కనున్నట్టైంది. నాలుగూ అయిదూ కూడా పాడైపోయాయి, వాటి గురించి రాయడానికేం లేదు. ఆరోదానికి కూర్చున్నప్పుడు రంగు ముట్టుకోకుండా వారం రోజులు అమ్మ ఎట్టా కూర్చునేదో నేనే అట్టా కూర్చుని చూశా. ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి. గంట తర్వాత తెలిసింది, బరువంతా నడుం కింద ఎడమ వైపు ఒక్క చోట ఆగుతుంది, అది తట్టుకోలేక వీపు కుడి పక్కకి వంగుతుంది. నాకు కావాల్సిన మూపురం అదే. వెనక నుంచి వేశా, పెద్ద వీపు, మట్టిరంగు, ఎడమ కింద ముదురు, రెండు మోచేతులు మాత్రం బయటికి, తల భుజాల్లోకి దిగి సగమే కనపడుతుంది, ముందున్న ఆకు ఒక పచ్చ పట్టీ. చీర లేదు, పందిరి లేదు. మా పిన్నికి బొమ్మల సంగతి ఏమీ తెలియదు, ఇంటికొచ్చి నీళ్ళు తాగుతా దాన్ని చూసి గ్లాసు కింద పెట్టేసి "అక్క నడుం నొప్పప్పుడు ఇట్టాగే గదా కూర్చునేది" అనింది. నేనేం చెప్పలేదు ఆమెకి, అది అమ్మ అని.

అందుకని నువ్వు బొమ్మ చూపించేటప్పుడు "ఎట్టా ఉంది" అని అడగొద్దు. "ఈ మనిషి ఏం చేస్తుండాడు" అని అడుగు. "ఏదో మోస్తున్నట్టుంది", "కాళ్ళు లాగుతున్నట్టుంది" అని వస్తే నీ గీత పనిచేసినట్టు. "ఇదేంది, చెయ్యా?" అని వస్తే ఇంకా కుదరలేదు.

తయ్యబ్ మెహతా బొమ్మలు చూడు, మన దేశంలో ఒళ్ళుని ఇట్టా వేసినవాళ్ళలో నాకు ఆయనంటే చాలా గౌరవం. 1947 అల్లర్లలో బొంబాయిలో కిటికీలోంచి ఒక మనిషిని కొట్టి చంపడం చూశాడాయన. తర్వాత జీవితమంతా పడిపోతున్న మనుషులు, కాళ్ళు కట్టేసిన ఎద్దులు, రిక్షా లాగేవాళ్ళు. రిక్షా బొమ్మల్లో మనిషి ఒళ్ళు ఎక్కడ ఆగి రిక్షా ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిపేశాడు. అది అందం కోసం కాదు, ఆ మనిషి బతుకు అట్టా ఉంది కాబట్టి. రంగు చూస్తే చదునుగా, నీడలు లేకుండా ఉంటుంది, కానీ పడేవాడు నిజంగా పడుతుంటాడు. వికారంగా మార్చడానికి కూడా లోపల ఒక కారణం ఉండాలనేది ఆయన బొమ్మల నుంచే నేను నేర్చుకున్నా.

ఇక్కడే ఒక తేడా చెప్పాలి, చాలామంది కలిపేస్తారు. తోట వైకుంఠం గారి తెలంగాణ ఆడవాళ్ళ బొమ్మలు నీకు తెలిసే ఉంటాయి, పెద్ద బొట్టు, నిండు ఒళ్ళు, మెరిసే చీరలు. అది శైలి, ఆయన సంపాదించుకున్న మనుషుల రూపం అది, బొమ్మ మారినా వాళ్ళు అదే జాతి మనుషులు. నువ్వడిగేది వేరు, ప్రతి భంగిమకీ ఆకారం మళ్ళీ మొదట్నుంచి వెతకడం. రెండూ గొప్పవే, కానీ దీన్ని వేద్దామని కూర్చుని దాన్ని కాపీ కొడితే రెండిటికీ చెడతావు. ఫోన్ యాప్‌లో ఫోటోకి ఫిల్టర్ వేసి దాన్ని కాన్వాస్ మీదికి ఎక్కించడం అయితే దయచేసి వద్దు. ఆ యాప్ మోచేతిని ఎట్టా కోస్తుందో వెనకున్న గోడనీ అట్టాగే కోస్తుంది, దానికి మోచేయి ఏదో తెలియదు.

ఇంకొకటి. నగ్నంగా గీస్తే ఇంట్లో ఏమంటారో అని దాన్ని మరుగు పరచడానికి సెమీ అబ్‌స్ట్రాక్ట్‌లోకి వచ్చేవాళ్ళు మన వైపు బాగానే ఉన్నారు, నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలోనే చూశా. భయం అర్థమవుతుంది, నేను ఆడమనిషిని, నాకు ఇంకా ఎక్కువ మాటలొచ్చాయి. కానీ దాచడానికి వేసిన రంగు దాచినట్టే కనపడుతుంది. బట్టలున్న మనిషినే వేసుకో. బట్ట ఒంటి మీద ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ వేలాడుతుందో అదే లోపలి బరువంతా చెప్తుంది.

మోడల్ లేదని బాధపడొద్దు. మన జిల్లాల్లో ఒళ్ళు వంచి పనిచేసే మనుషులకి కరువా. నాట్లప్పుడు నడుం దగ్గర విరిగినట్టు వంగి వెనక్కి నడిచే ఆడవాళ్ళు, మైపాడులోనో కొత్తపట్నంలోనో వల లాగేవాళ్ళు వెనక్కి వాలినప్పుడు మడమలు ఇసకలో దిగడం, ఉప్పు కొఠార్లలో ఉప్పు లాగే మనిషి. నిలబడి చూసి గీసుకో, కాకపోతే ముందు అడుగు. ఎవరి కష్టాన్నీ వాళ్ళకి తెలియకుండా గీసుకోకూడదు, రెండు మాటలు మాట్లాడితే వాళ్ళే "ఇట్టా నిలబడనా మేడమ్" అంటారు, అప్పుడు "వద్దు, మీ పని మీరు చేసుకోండి" అని చెప్పాలి.

ప్రాక్టీసుకి మార్కాపురం పలక కొనుక్కో. నిజంగానే చెప్తున్నా, రాతి పలక, సుద్దముక్క. కావలి స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఒక్కో మనిషికి అర నిమిషం, గీసి తుడిచేయి. కాగితం అయితే దాచుకోవాలనిపిస్తుంది, దాచుకోవాలనిపిస్తే నీటుగా గీస్తావు, నీటుగా గీస్తే మళ్ళీ అంచుల దగ్గరికే పోతావు. పలక మీద ఆ గోల లేదు. రోజుకి నలభై. మొదటి గీత ఎప్పుడూ వెన్నుది, రెండోది భుజాల వాలు, మూడోది తుంటి వాలు, తల చివర్లో. రెండు నెలలు చేశాక ఒక మంచి భంగిమ తీసుకుని ట్రేసింగ్ పేపర్ మీద వేసి, దాని మీద ఇంకో పేపర్ పెట్టి ఒక్కటి తీసేసి మళ్ళీ గీయి, అట్టా ఏడెనిమిది. ఎక్కడో ఒకచోట మనిషి పోయి మరక మిగులుతుంది. దానికి ముందు పేపరే నీ బొమ్మ.

తీసేసే వరస నా వరకు మొహం ముందు, పాదాలు ఆఖరున. పాదాలు గీయడం రాక నేల కింద దాచేసేవాళ్ళని చూస్తుంటా, బరువు దిగేదే అక్కడ, అవి దాస్తే ఎట్టా.

రంగు గురించి రెండు మాటలే. ఏ రంగైనా వాడు, కానీ వెలుగూ చీకటీ ముందు తేల్చుకో. బొమ్మని ఫోన్లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడు, రంగుల్లో బ్రహ్మాండంగా ఉన్న ఎరుపూ ఆకుపచ్చా అందులో ఒకటే బూడిదరంగై మనిషి మాయమైతే మళ్ళీ చూసుకోవాలి. అంచు అంతా ఒకేలా గట్టిగా కట్టొద్దు, చీకటి పక్కన చీకటి వచ్చే చోట ఒంటిని వెనక రంగులో కలిపేయి, బరువు పడే కీలు దగ్గర మాత్రం గట్టిగా ఉంచు.

నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తా. ఒక పెద్ద ఊరి గ్యాలరీ వాళ్ళు నా బొమ్మ తీసుకుని "అంతా బాగుంది మేడమ్, మొహం ఒక్కటి కొంచెం అందంగా పెట్టివ్వండి, త్వరగా పోతుంది" అన్నారు. మా పెద్దమ్మాయి ఫీజు కట్టాల్సిన నెల అది. కళ్ళు పెట్టా, పెదాలు పెట్టా. వారంలో పోయింది. ఆ బొమ్మలో వంగిన వీపు ఎంత కష్టపడి పట్టుకున్నానో నాకు తెలుసు, కళ్ళు పెట్టగానే ఎవరూ ఆ వీపు చూడటం మానేశారు, నేను కూడా. ఇప్పుడు అది ఎవరింట్లో ఉందో, తీసుకొచ్చి మళ్ళీ చెరిపే వీలు లేదు.

ఆయిలా ఆక్రిలిక్కా అంటే, నీకు ఇప్పుడు ఆక్రిలిక్కే. మార్చడం, పైన పూయడం, మళ్ళీ మార్చడం ఎక్కువ ఉంటుంది కాబట్టి త్వరగా ఆరేదే మేలు. మన ఎండలకి మరీ త్వరగా ఆరుతుంది, రోహిణి కార్తెలో అయితే ప్లేటులోనే గడ్డకడుతుంది, స్టీలు పళ్ళెంలో తడిగుడ్డ పరిచి దాని మీద బటర్ పేపర్ వేసి రంగులు పెట్టుకో, సాయంత్రం దాకా ఆగుతాయి. ఆరాక ఒక మెట్టు ముదురుతుంది, అది లెక్కలో పెట్టుకో. నవంబరు వానల్లో కాన్వాసుల్ని గోడకి ఆనించి పెట్టొద్దు, వెనక బూజు పడుతుంది.

వీలైతే ఒక రోజు పొద్దున్నే రైలెక్కి మద్రాసు పోయి ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూడు. నాలాగిరి అనే మదపుటేనుగుని బుద్ధుడు లొంగదీసే పలక ఒకటుంది, గుండ్రటి రాతిలో ఏనుగు రెండుసార్లు, ఒకవైపు జనం మీద పడుతూ, ఇంకోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లుతూ. దాని పక్కన జనాన్ని చూడు, మొహాలు చిన్నవి, అరిగిపోయాయి, అయినా ఎవరికెంత భయమేసిందో వాళ్ళ నడుం వాలులో తెలుస్తుంది. అక్కడికి కూడా పలక తీసుకుపో. ఇంకో రోజు ఉంటే చోళమండలం పో, 1966లో పెయింటర్ కె.సి.ఎస్. పణిక్కర్ గారు తోటి పెయింటర్లని కూడగట్టి మద్రాసు పక్కన పెట్టిన ఊరు, అక్కడి మ్యూజియంలో మద్రాసు పెయింటర్లు ఒంటిని గీతలోకి ఎట్టా తెచ్చారో వరసగా కనపడుతుంది. ఎగ్మోర్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు మాత్రం పోవద్దు.

పలక మీద గీసినవి తుడిచే ముందు ఒక మూడు ఫోటో తీసి ఇక్కడే పెట్టు, ఏ కాలి మీద నిలబడ్డాడో చూసి చెప్తా.